మద్రాసులో పద్దెనిమిది మోచేతులు

మద్రాసు వెళ్ళి వచ్చానని తెలియగానే మా కాకినాడ వీధిలో అందరూ ఒకటే అడిగారు, సినిమావాళ్ళు ఎవరైనా కనిపించారా అని. లేదన్నాను. సముద్రం చూశావా అన్నారు. అది మన ఊళ్ళోనూ ఉందిగా అన్నాను. మరి తొమ్మిది రోజులు ఏం చూశావమ్మా అంటే, మోచేతులు చూశానని చెప్పాను. దాంతో నన్ను వదిలేశారు. అంత త్వరగా వదలని ఓపిక ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను ఓ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పేదాన్ని. ఇది డెబ్బయ్యో దశకం మాట. ఎర్గొనామిక్స్ అనే శాస్త్రం మన దేశంలో అప్పుడప్పుడే అడుగు పెడుతోంది. పేరు నోరు తిరగదు గాని విషయం తేలిక. పని చేసే బల్ల, కుర్చీ, యంత్రం అన్నీ మనిషి ఒంటికి తగ్గట్టు ఉండాలి. అలా ఉండాలంటే ముందు మనిషిని కొలవాలి. మా ప్రొఫెసరుగారు మద్రాసులోని ఓ మందుల కంపెనీతో ఉత్తరాలు నడిపారు. అక్కడ కొలవాల్సింది ఆడవాళ్ళను కాబట్టి నన్ను పంపారు. అంతవరకు నేను కొలిచింది నిక్కర్లు వేసుకుని వరసలో నిలబడ్డ మా విద్యార్థులనే.

జార్జి టౌన్

బస జార్జి టౌన్‌లో, మా తోటి ఉపాధ్యాయిని దూరపు బంధువుల ఇంట్లో. మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్ళు, ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. మేడ మెట్లెక్కేలోపు పదకొండుసార్లు తుమ్మాను. పైనుంచి ఇంటావిడ రుక్మిణమ్మగారు చూస్తూ నిలబడ్డారు.

"పరవాయిల్లె మ్మా, మూడు దినాల్లో అలవాటైపోతాది," అన్నారు. "మా ఇంటికి వచ్చినోళ్ళందరూ ఇట్లానే వస్తారు."

రుక్మిణమ్మగారికి అరవై ఉంటాయి. మనిషి పొట్టి, మాట పొడుగు. నా సంచిలోంచి టేపులు, చెక్క స్కేలు, పెద్ద కొలకర్ర బయటికి రావడం చూసి, "ఏందిమ్మా, డాక్టరు చదువని చెప్పినారు. నువ్వు దర్జీవా?" అని అడిగారు. ఉన్న తొమ్మిది రోజులూ ఆవిడకు నేను దర్జీనే.

భోజనంలో మొదటి ముద్దకే సాంబారు వడ్డించారు. పప్పు ఏదని అడిగాను. అందులోనే ఉందన్నారు. వెతికితే నిజమే, ఉంది. ఆవకాయ మాత్రం మనలాగే పెడతారు, కాకపోతే పెరుగన్నం దాకా దాన్ని రానివ్వరు. కాఫీ ఇచ్చే పద్ధతీ వేరే. గ్లాసు పెదవికి తగలకుండా పైనుంచి పోసుకోవాలట. పోసుకోబోయి జాకెట్టు తడుపుకున్నాను. బయట హోటల్లో అదే కాఫీ నలభై పైసలు, అక్కడ కూడా అందరూ పైనుంచే పోసుకుంటున్నారు. నేను మాత్రం మూల బల్ల వెతుక్కుని, ఎవరూ చూడకుండా పెదవి ఆనించి తాగాను.

అంబత్తూరు

మద్రాసు బస్సులో కండక్టరు తిరగడు. వెనక తన సీట్లో కూర్చుంటాడు. మన డబ్బులు చేతులు మారి అతని దగ్గరికి వెళతాయి, టిక్కెట్టు మళ్ళీ అన్ని చేతులూ మారి మన దగ్గరికి వస్తుంది. మా వైపు కండక్టర్లు జనం మధ్య ఈదుతూ నడుములు విరగ్గొట్టుకుంటారు. ఇక్కడాయన కాలు మీద కాలు వేసుకుని అరవై మందితో పని చేయించుకుంటున్నాడు. మా శాస్త్రం ఇతనికి కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదనిపించింది. అది చూస్తూ దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో మైలున్నర వెనక్కి నడిచాను.

అంబత్తూరులోని ఆ కంపెనీలో ఇంజెక్షన్ మందును చిన్న గాజు గొట్టాల్లో నింపి మూతి కరిగించి మూస్తారు. నింపినవాటిని పద్దెనిమిది మంది ఆడవాళ్ళు పరీక్షిస్తారు. ఒక్కో చేతిలో ఐదేసి గొట్టాలు పట్టుకుని, తలకిందులు చేసి, దీపం ముందు సగం తెలుపు సగం నలుపు వేసిన పలకకు ఎదురుగా చూడాలి. మందులో గాజు పొడి గాని, నూలు పోగు గాని తేలితే పక్కన పెట్టాలి. పని అంతా నిలబడే. చెప్పులు గది బయటే విడవాలి. పాత బల్లలు మరీ పల్లం, ఇంకేదో పనికి చేయించినవి. మెడలు వంచీ వంచీ అందరికీ భుజాల నొప్పులు.

మేనేజరుగారు ఇంగ్లీషులో, మర్యాదగా, విషయం చెప్పారు. నేను కొలిచి ఎత్తు చెబితే ఒక బల్ల చేయిస్తారు. దాని మీద నలుగురు మూడు రోజులు పని చేస్తారు. ఒక్కొక్కరికి రోజుకు ముప్ఫై ట్రేల గొట్టాలు తేలితే అన్ని బల్లలూ మారుస్తారు. తేలకపోతే పాతవే ఉంటాయి.

"ఇంకొక సంగతి," అన్నారాయన. "మునెమ్మ అని ఒకామె ఉంది. పదమూడేళ్ళుగా చేస్తోంది. ఈ మధ్య ఇరవై ఆరు కూడా దాటడం లేదు. మీ బల్ల మీద కూడా అంతే అయితే నెలాఖరుకు పంపేస్తాను. నాకూ జాలే, కానీ ఏం చేయను?"

మునెమ్మ తొండియార్‌పేట నుంచి వస్తుంది. అందరిలోకీ పొట్టి, వయసులో పెద్దది. భర్తకు హార్బర్లో పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. నలుగురున్న ఇంటికి ఈమె జీతమే ఆధారం. నన్ను చూడగానే, "రా మ్మా, ముందు నన్నే కొలువు," అంది. మా వైపు ఇంత చదువుకున్నదాన్ని నువ్వు అనే సాహసం ఎవరూ చెయ్యరు. ఇక్కడ ఆ మాటలో అగౌరవం లేదని నాకు అర్థం కావడానికి రెండు పూటలు పట్టింది.

ఒక్కొక్కరినీ గోడకు నిలబెట్టి నేల నుంచి మోచేతి దాకా ఎంతో, తల దాకా ఎంతో కొలిచాను. పద్దెనిమిది మందీ ఎంత నిటారుగా నిలబడ్డారంటే, మా విద్యార్థులకు వీళ్ళను చూపించాలనిపించింది. ఒక్కరూ కదల్లేదు, ఊపిరి కూడా ఆచితూచి తీసుకున్నారు. వాళ్ళు నిలబడే తీరు చాలా బాగుందని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

ఆసుపత్రిలో ఒక పూట

పక్క వర్క్‌షాపులో వడ్రంగి బల్ల చేస్తున్న రోజు, ఓ ఆసుపత్రి వార్డుకు వెళ్ళాను. నర్సులు రోజుకు ఎన్నిసార్లు వంగుతారో లెక్కపెట్టడం ప్రొఫెసరుగారు అప్పగించిన ఇంకో పని. నూటయాభై దాటాక లెక్క తప్పి మానేశాను. మంచాలు పల్లం. రోగి తనంతట తాను దిగాలి కదా మరి, అంది హెడ్ నర్సు. రోగికి మంచిదైన ఎత్తు నర్సు నడుముకు పనికిరాదు.

కానీ కిటికీ పక్క మంచం ఒక్కటి కోళ్ళ కింద ఇటుకలతో ఎత్తుగా ఉంది. ఎప్పుడో కాలు విరిగినవాడి కోసం పెట్టారట. అతను వెళ్ళి నెలలైనా ఇటుకలు తియ్యలేదు. కదల్లేని రోగి ఎవరొచ్చినా నర్సులందరూ అతన్ని ఆ మంచానికే పంపాలని చూస్తారు. ఎవరూ ఏ పుస్తకమూ చదవకుండానే తమ నడుముకు సరైన ఎత్తు కనిపెట్టుకున్నారు. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం సంతోషం కూడా వేసింది.

కొత్త బల్ల

శుక్రవారం బల్ల వచ్చింది. నలుగురు పొట్టివాళ్ళ మోచేతి ఎత్తుకు సరిగ్గా చేయించింది. మునెమ్మ మొదటి చోట నిలబడింది. గంట గడిచేసరికి నలుగురి భుజాలూ చెవుల దాకా లేచాయి. మోచేతులు కోడి రెక్కల్లా పక్కలకు విచ్చుకున్నాయి. లెక్క ప్రకారం అలా జరగకూడదు.

"ఎలా ఉంది మునెమ్మా?" అని అడిగాను.

"రొంబ బాగుండాది మ్మా."

మిగతా ముగ్గురినీ అడిగాను. వాళ్ళకూ రొంబ బాగుంది. సాయంత్రానికి మునెమ్మ చేతిలో రెండు గొట్టాలు పగిలి వేలు తెగింది. ఆ రోజు ఆమెవి ఇరవై రెండు ట్రేలు. శనివారం ఇరవై ఒకటి. నా కొలతలు మూడుసార్లు సరిచూసుకున్నాను. కూడికలో తప్పు లేదు. మేనేజరుగారు వచ్చి చూసి, "బల్లలో ఏముంది, లోపం మనుషుల్లోనే ఉంది," అని వెళ్ళిపోయారు. మునెమ్మ ఆయన మాట విననట్టు వేలికి గుడ్డ చుట్టుకుంది. సోమవారం మూడో రోజు, ఆఖరు.

పెళ్ళిచూపుల సంగతి

శనివారం రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా నోటుపుస్తకమే తిరగేస్తున్నాను. రుక్మిణమ్మగారు అడిగితే జరిగింది చెప్పాను. కొలిచాను, కొలిచినట్టే చేయించాను, అయినా బల్ల రెండంగుళాలు ఎత్తుగా ఉన్నట్టుంది అన్నాను. ఆవిడ రసం గరిటె పట్టుకుని ఒకటే నవ్వు.

"నన్ను చూసేదానికి మా అత్తగారోళ్ళు వచ్చినప్పుడు ఏం జరిగిందో తెలుసునా? పిల్ల మరీ పొట్టి అని ఎవురో చెప్పేసినారు. మా అమ్మగారింటి హాల్లో మా అత్త నన్ను పక్కన నిలబెట్టుకొని చూసింది. నేను మునివేళ్ళ మీద నిలబడినాను. కోక నేల దాకా ఉండాది, మడమ ఎవురికి కనపడతాది? పెండ్లైనాక చూసి మా అత్త, ఏందే, నెల దినాల్లో ఇంత కుంగిపోయినావు అనింది."

నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. పద్దెనిమిది చీరల అంచులు కళ్ళ ముందు కనిపించాయి. నేల దాకా వేలాడుతున్న అంచులు. నేను టేపు పైకొసనే చూశాను. కింది కొస చీర మీదుగా నేలకు ఆనించాను. మడమ ఎక్కడుందని ఒక్కసారి కూడా చూడలేదు. నిక్కర్లు వేసుకున్న పిల్లలను కొలిచి నేర్చుకున్న విద్య మరి.

తొండియార్‌పేట

ఆదివారం పొద్దున మునెమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ వేసవి మద్రాసులో నీళ్ళకు కటకట. సందు మొదట్లో చేతిపంపు, దాని వెనక ప్లాస్టిక్ బిందెల వరస. మా ఊళ్ళో బిందె ఇత్తడిదైతే ఇల్లాలికి గొప్ప. ఇక్కడ తేలికదైతే గొప్ప. మునెమ్మ వంతే నడుస్తోంది. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, రెండు పాదాలూ నేల మీద బాగా ఆనించి పంపు కొడుతోంది. చూడగానే నాకు సంగతి తేలిపోయింది.

ఇంట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. చెంబులో రాగి అంబలి, చేతిలో చిన్న ఉల్లిపాయలు పెట్టింది. ఆ ఎండకు అంతకన్నా మంచిది ఏ హోటల్లోనూ దొరకదు. తాగాక టేపు తీశాను.

"మడమలు ఎత్తకుండా నిలబడు మునెమ్మా."

ఆమె నా ముఖం చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత గోడకు ఆనుకుని నిలబడింది. రెండంగుళాల పైచిలుకు తేడా.

"అందురూనా?" అని ఆమె యాసలోనే అడిగాను.

"అందురూ. బస్సులోనే అనుకున్నాము," అంది. "టేపు పెట్టి కొలిచేది ఇంకెందుకు మ్మా? పొట్టోళ్ళని తీసేసేదానికే. మా ఇంటాయన అన్న కొడుకుని పోలీసు పనిలో అరంగుళం తక్కువని ఆడనుంచే పంపించేసినారు."

"బల్ల కోసం అని చెప్పానుగా."

"చెప్పినావు. కంపెనీవాళ్ళు పిలిపిస్తే కంపెనీ మాట కాకుండా ఏం చెప్తావు?"

నేను టేపు చుట్టి సంచిలో పెట్టాను. మరి నొప్పి పెడుతుంటే బాగుందని ఎందుకన్నావు అని అడిగాను.

"బాగలేదంటే మా కొలత అబద్ధం అని తెలిసిపోదా? చెప్పేస్తావా మ్మా, దొరకి?" అంది. పదమూడేళ్ళు గాజులో నలుసులు వెతికిన కళ్ళు నా మీదే ఉన్నాయి.

చెబితే మోసం చేశారని పద్దెనిమిది మందికీ ముప్పు. చెప్పకపోతే రేపటితో మునెమ్మ పని పోతుంది. చెప్పనని మాటిచ్చాను. మళ్ళీ కొలుస్తాను, ఎవరి పేరూ ఎవరికీ ఇవ్వను, ఈసారి నిజంగా నిలబడండి అన్నాను. "సెరి, చూద్దాము," అంది. ఆ మాటలో నమ్మకం పెద్దగా లేదు.

మడమలు

సోమవారం పొద్దున్నే మేనేజరుగారి గదికి వెళ్ళి, నేను తప్పు కొలిచానని చెప్పాను. ఆలోచిస్తే అది అబద్ధమూ కాదు.

"ఇంత చదివి ఎత్తు కొలవడం రాదా మీకు?" అన్నారాయన.

"ఈసారి వస్తుంది," అన్నాను. ఇంకొక్క రోజు గడువు అడిగాను. మీ ప్రొఫెసరుకు రాస్తానని చెప్పి, ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనం గంటలో అందరినీ పిలిచాను. ఎవరూ ముందుకు రాలేదు. టేపు పట్టుకుని నేను, గోడ పక్కన వాళ్ళు. అప్పుడు మునెమ్మ లేచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని చీలమండల పైకి ఎత్తింది. పగిలిన మడమలు రెండూ సిమెంటు నేల మీద ఆనించి నిలబడింది.

"చూడండి మే, నా మడమలు కిందే ఉండాయి," అంది. తర్వాత అదే మాట అరవంలో కూడా చెప్పింది. "ఈమె మాట తప్పితే అందురికంటే ముందు పోయేది నేనే. పోతే పోతాను. ఆ బల్ల మీద ఇంకొక దినం నిలబడలేను."

నేను వంగి టేపు కింది కొస ఆమె మడమ పక్కన నేలకు ఆనించి కొలిచాను. ఆమె కదల్లేదు. ఆమె తర్వాత ఒక అరవ పిల్ల వచ్చింది, తర్వాత ఇంకొకామె. గంట మోగేలోపు పద్దెనిమిది మందీ చీరలెత్తి, మడమలు చూపించి, తమ అసలు ఎత్తు నా చేతిలో పెట్టారు. ఇంత విలువైనది నాకు ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు.

సాయంత్రం వడ్రంగి బల్ల కాళ్ళు నాలుగూ రెండంగుళాలు కోశాడు. మంగళవారం మునెమ్మ భుజాలు ఉండాల్సిన చోట ఉన్నాయి. నేను దూరంగా స్టూలు మీద కూర్చుని ఊరికే చూశాను. పని గంట మోగడానికి పావుగంట ముందే ఆమె ముప్ఫయ్యో ట్రే పక్కకు జరిపింది. తర్వాత ఇంకొకటి తీసుకుంది.

జాబితా

బుధవారం సెలవు తీసుకోవడానికి వెళితే మేనేజరుగారు నవ్వు ముఖంతో ఉన్నారు. బల్లలన్నీ మారుస్తానన్నారు. మునెమ్మ ఉంటుందన్నారు. కాఫీ తెప్పించారు. తర్వాత, మాటల్లో మాటగా, "ఆ కొలతల కాగితం ఇచ్చి వెళ్ళండి. పేర్లతో సహా," అన్నారు. "కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఉన్నవాళ్ళలో కూడా మరీ పొట్టివాళ్ళు ఎవరో తెలిస్తే మంచిది కదా."

ఆయన కోపంతో అనలేదు, చెడ్డవాడూ కాదు. నేను మాత్రం కాగితం ఉన్న సంచి ఒళ్ళోకి లాక్కున్నాను. బస్సులో కూర్చుని ఆ ఆడవాళ్ళు అనుకున్నది అక్షరాలా నిజమైంది. నేను శరీరాల గురించి చదువుకున్నాను. వాళ్ళు ఈ గదిని నాకన్నా ముందే చదివేశారు.

బల్ల ఎత్తు ఎంతో రాసి ఇచ్చాను. పేర్లు ఇవ్వనన్నాను. కొలిచింది తన కంపెనీలో, తన సమయంలో అని ఆయన గుర్తు చేశారు. అవునండి, మోచేతులు మాత్రం వాళ్ళవి అన్నాను. కాఫీ సగంలో వదిలేసి లేచాను. ఆయన ప్రొఫెసరుగారికి రాస్తానన్న ఉత్తరం నాకన్నా ముందే కాకినాడ చేరింది. కోయంబత్తూరు మిల్లుల్లో చెయ్యాల్సిన రెండో విడత కొలతలకు నా బదులు ఇంకొకరు వెళ్ళారు. అది నాకు బాధగానే ఉంది. లేదంటే అబద్ధం.

గేటు బయట బస్సు కోసం అందరూ నిలబడి ఉన్నారు. జరిగింది మునెమ్మకు చెప్పి, పట్టికలోకి కావలసిన అంకెలు వేరే రాసుకున్నాను, ఇది మీది అని కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చదవడం రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, నా చెక్క స్కేలు అడిగి తీసుకుంది. నన్ను వరసగా పేర్లు చదవమంది. నేను ఒక్కో పేరు చదువుతుంటే, ఆ వరస కింద స్కేలు ఆనించి కాగితం చింపి, ఎవరి ముక్క వాళ్ళ చేతికి ఇచ్చింది. కొందరు జాకెట్లో దోపుకున్నారు. ఒకామె అక్కడే నమిలి ఉమ్మేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆఖరి ముక్క మునెమ్మది. బస్సు వస్తోంది. ఆమె దాన్ని రెండుసార్లు మడిచి నా గుప్పిట్లో పెట్టింది.

"నాది నీ దగ్గిరే ఉండనీ మ్మా," అంది. "ఎప్పుడన్నా బల్ల విరిగితే మళ్ళీ చేయించాల కదా."